బండలు, పట్టాలు, బావి వరలు: కంటికి కనిపించినట్టు గీయడం ఎలా?

మీ ఎదుట ఒక స్టీలు గ్లాసు పెట్టి బొమ్మ గీయమంటే ఎలా గీస్తారు? చాలామంది పైన కోడిగుడ్డు లాంటి గీత గీస్తారు. రెండు పక్కలా నిలువు గీతలు దింపుతారు. అడుగున మాత్రం స్కేలు పెట్టి అడ్డగీత కొట్టేస్తారు. గ్లాసు మూతి గుండ్రమే, గ్లాసు అడుగు కూడా గుండ్రమే. మరి ఒకటి కోడిగుడ్డులాగా, ఇంకొకటి సరళరేఖలాగా ఎలా మారాయి? ఆ గ్లాసును చూసినవారికి ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది గాని, తేడా ఎక్కడుందో చెప్పలేరు.

ఆ తేడా ఎక్కడుందో ఈ పాఠంలో కనిపెడదాం. ఇందుకు చిత్రకళలో గొప్ప నేర్పు అక్కరలేదు. సరూప త్రిభుజాలు తెలిస్తే చాలు. ఒక డ్రాయింగు కాగితం, స్కేలు, మూలమట్టం, వృత్తలేఖిని, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి. పటం మీ చేతిలోనే తయారవుతుంది.

కిటికీ అద్దం చెప్పే రహస్యం

మూసిన కిటికీ అద్దం ముందు కదలకుండా నిలబడండి. ఒక కన్ను మూసుకోండి. రెండో కంటితో అద్దం గుండా ఎదురింటిని చూస్తూ, ఇంటి అంచులు అద్దం మీద ఎక్కడ కనిపిస్తున్నాయో అక్కడే స్కెచ్ పెన్నుతో గీతలు గీయండి. తల మాత్రం కదపరాదు. అద్దం మీద తయారైన ఆ బొమ్మనే పర్‌స్పెక్టివ్ చిత్రం అంటారు. వస్తువు మీది ప్రతి బిందువు నుంచి కంటికి ఒక కిరణం వస్తుంది. ఆ కిరణం అద్దాన్ని ఎక్కడ దాటుతుందో అదే చిత్రంలో ఆ బిందువు స్థానం. ఇంతకు మించి ఇందులో రహస్యం ఏమీ లేదు. అద్దాన్ని ఇకమీదట ‘చిత్రతలం’ అందాం.

ఇంత తేలికైన సంగతిని లెక్కగా మార్చడానికి మనిషికి చాలాకాలం పట్టింది. ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో బ్రూనెల్లెస్కి అనే శిల్పి 15వ శతాబ్దం తొలి పాదంలో దీన్ని ప్రయోగపూర్వకంగా చూపించాడు. 1435లో ఆల్బెర్టి అనే పండితుడు చిత్రకళ మీద రాసిన గ్రంథంలో చిత్రాన్ని తెరిచిన కిటికీతో పోల్చి, గీసే పద్ధతిని వివరించాడు. 1525లో జర్మనీ చిత్రకారుడు డ్యూరర్ కంటి కిరణానికి బదులు ఒక దారం కట్టి, ఆ దారం చట్రాన్ని దాటే చోటును గుర్తించే పరికరాన్ని తన పుస్తకంలో బొమ్మ వేసి చూపించాడు.

పట్టాలు నిజంగా కలుస్తాయా?

కడప నుంచి బెంగళూరుకు తలపెట్టిన కొత్త రైలు మార్గంలో తొలి భాగంగా కడప నుంచి పెండ్లిమర్రి దాకా సుమారు 21 కిలోమీటర్ల మేర పట్టాలు వేశారు. లెవెల్ క్రాసింగు దగ్గర గేటుకు ఇవతలే నిలబడి పట్టాలు పోయే దిక్కుగా చూడండి. పట్టాల మీదికి మాత్రం ఎవరూ వెళ్లకూడదు. దూరంగా ఆ రెండు పట్టాలూ ఒకచోట కలిసిపోతున్నట్టు కనబడతాయి. బ్రాడ్ గేజి పట్టాల మధ్య దూరం ఎక్కడ కొలిచినా 1,676 మిల్లీమీటర్లే. మరి కలవడమేమిటి?

లెక్క వేద్దాం. మీ కన్ను పట్టాల కంటే 150 సెం.మీ. ఎత్తులో ఉందనుకోండి. కంటికి 50 సెం.మీ. ముందు చిత్రతలం నిలువుగా నిలబెట్టామనుకోండి. సరూప త్రిభుజాల సూత్రం ఇలా చెబుతుంది:

చిత్రంలో పొడవు = అసలు పొడవు × 50 ÷ కంటి నుంచి దూరం

3 మీటర్ల దూరాన పట్టాల ఎడం చిత్రంలో దాదాపు 28 సెం.మీ. వస్తుంది.
6 మీటర్ల దూరాన 14 సెం.మీ.
30 మీటర్ల దూరాన 2.8 సెం.మీ.
300 మీటర్ల దూరాన 2.8 మిల్లీమీటర్లు.
3 కిలోమీటర్ల దూరాన మిల్లీమీటరులో మూడోవంతు కూడా ఉండదు.

దూరం రెట్టింపైతే ఎడం సగమవుతుంది. ఎంత దూరం పోయినా అది సున్నా కాదు, కాని సున్నాకు చేరువవుతూ పోతుంది. పట్టాలు కంటిమట్టానికి ఎంత కింద కనిపిస్తాయో కూడా ఇదే సూత్రంతో తెలుస్తుంది. 3 మీటర్ల దూరాన 25 సెం.మీ. కింద, 30 మీటర్ల దూరాన 2.5 సెం.మీ. కింద, 300 మీటర్ల దూరాన 2.5 మిల్లీమీటర్లు కింద కనిపిస్తాయి. అంటే పట్టాలు దగ్గరవుతూ, పైకి లేస్తూ కంటిమట్టం మీది ఒక బిందువు వైపు పోతున్నాయన్నమాట. ఆ బిందువును ‘అదృశ్య బిందువు’ అంటారు. కంటిమట్టంలో గీసిన అడ్డగీత ‘క్షితిజ రేఖ’.

పట్టాలకు సమాంతరంగా పోయే తీగలు, గట్లు, గోడలు కూడా చిత్రంలో ఆ బిందువుకే చేరతాయి. మొదటి నియమం ఇదే: మన నుంచి దూరంగా పోయే సమాంతర రేఖలన్నిటికీ చిత్రంలో ఒకే అదృశ్య బిందువు ఉంటుంది. చిత్రతలానికి సమాంతరంగా ఉన్న గీతలకు, అంటే ఎదురుగా ఉన్న నిలువు గీతలకూ అడ్డగీతలకూ, ఈ బాధ లేదు. అవి చిన్నవవుతాయి గాని వంగవు, కలవవు.

నాపబండల నేల

కడప జిల్లాలో నాపబండలు పరచని ఇల్లు తక్కువ. ఆ నేలనే గీద్దాం. ఒకే కొలత బండలు పరచిన నేల గీయడమే ఆల్బెర్టి తన పాఠకులకు నేర్పిన మొదటి పాఠం కూడా.

కాగితం మీద 1 సెం.మీ. అంటే నిజానికి 20 సెం.మీ. అనుకుందాం. కన్ను నేలకు 160 సెం.మీ. ఎత్తులో ఉంది, కాబట్టి కాగితం మీద 8 సెం.మీ. నేల ముందంచు మీకు 320 సెం.మీ. దూరంలో ఉంది, కాబట్టి 16 సెం.మీ. చిత్రతలాన్ని సరిగ్గా ఆ ముందంచు మీదే నిలబెడదాం. అలా నిలబెడితే ముందంచు కొలతలు చిత్రంలో ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. బండ పక్క 40 సెం.మీ., అంటే కాగితం మీద 2 సెం.మీ.

ఇక గీయండి.

1. కాగితం పైభాగాన పొడవుగా ఒక అడ్డగీత గీయండి. ఇది క్షితిజ రేఖ. దాని మీద ‘చ’ అనే బిందువు గుర్తించండి. మీ ఎదురుగా లోపలికి పోయే గీతలన్నీ చేరే బిందువు ఇదే.

2. క్షితిజ రేఖకు 8 సెం.మీ. కింద మరో అడ్డగీత గీయండి. ఇది నేల ముందంచు. ‘చ’కు సరిగ్గా కింద ‘మ’ గుర్తించి, దానికి ఎడమవైపు 4 సెం.మీ. దూరాన ‘క’, కుడివైపు 4 సెం.మీ. దూరాన ‘గ’ గుర్తించండి.

3. క నుంచి గ దాకా 2 సెం.మీ. చొప్పున భాగాలు చేసి, ప్రతి బిందువునూ ‘చ’తో కలపండి. లోపలికి పోయే బండల అంచులు తయారయ్యాయి.

4. ఇప్పుడు అసలు చిక్కు వస్తుంది. వెనుక వరుసల అడ్డగీతలు ఎక్కడ గీయాలి? క్షితిజ రేఖ మీద ‘చ’కు కుడివైపున 16 సెం.మీ. దూరంలో ‘ద’ అనే బిందువు పెట్టండి. క, ద లను కలపండి. ఈ గీత ‘చ’కు పోయే గీతలను ఎక్కడెక్కడ దాటిందో అక్కడల్లా అడ్డగీతలు గీయండి. గ–చ గీతను దాటిన చోట గీసిన అడ్డగీతే నాలుగో వరుస వెనుకంచు. దాని చివరలను ఎడమన ‘త’, కుడిన ‘ప’ అందాం.

‘ద’ను 16 సెం.మీ. దూరంలోనే ఎందుకు పెట్టాలి? చదరపు బండ కర్ణం దాని పక్కతో 45 డిగ్రీల కోణం చేస్తుంది. మీరు కూడా ఎదురు దిక్కు నుంచి 45 డిగ్రీలు పక్కకు చూస్తే, మీ చూపు చిత్రతలాన్ని ‘చ’కు ఎంత దూరంలో తాకుతుంది? కంటికీ చిత్రతలానికీ మధ్య ఎంత దూరముందో అంత దూరంలోనే. ఆ త్రిభుజంలో రెండు పక్కలు సమానం గదా! కాబట్టి బండల కర్ణాలకు అదృశ్య బిందువు ‘ద’.

స్కేలుతో కొలవండి. వరుసల అంచులు క్షితిజ రేఖకు 8, 7.11, 6.40, 5.82, 5.33 సెం.మీ. కింద రావాలి. వరుసల వెడల్పులు వరుసగా 8.9, 7.1, 5.8, 4.8 మిల్లీమీటర్లు. ప్రతి వరుసా ముందుదాని కంటే సన్నగా ఉంది, కాని ఒకే నిష్పత్తిలో తగ్గడం లేదు. మొదటి దానిలో రెండోది 0.80 వంతు, రెండో దానిలో మూడోది 0.82 వంతు, మూడో దానిలో నాలుగోది 0.83 వంతు. ప్రతి వరుసనూ ముందుదానిలో మూడింట రెండు వంతులుగా గీసుకుంటూ పోయే అలవాటును ఆల్బెర్టి 1435లోనే తప్పుపట్టాడు. ఇవాళ కూడా ఉజ్జాయింపుగా గీసేవారు ఆ పొరపాటే చేస్తుంటారు. దాన్ని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మూలమూలలా బండలు దాటుతూ స్కేలు పెట్టండి. మూలలన్నీ ఒకే సరళరేఖ మీదికి వస్తే నేల సరైనది. మధ్యలో వంగితే వరుసల లెక్క తప్పింది.

బండల మీద బావి వర

ఇప్పుడు మీ దగ్గర క, గ, ప, త అనే పెద్ద చదరం ఉంది. అది నిజానికి 160 సెం.మీ. పక్క ఉన్న చదరం. దానిలో సరిగ్గా ఇమిడే సిమెంటు బావి వరను గీద్దాం. వర వ్యాసం కూడా 160 సెం.మీ.

వృత్తాన్ని నేరుగా గీయలేం. కాని వృత్తం చదరాన్ని తాకే చోట్లు తెలుసు. నాలుగు పక్కల మధ్య బిందువుల దగ్గర తాకుతుంది. కర్ణాలను ఎక్కడ దాటుతుందో కూడా తెలుసు. మొత్తం ఎనిమిది బిందువులు.

క–ప, గ–త కర్ణాలు గీయండి. అవి కలిసిన చోటు వృత్త కేంద్రం. దాని గుండా ఒక అడ్డగీత, ‘చ’కు పోయే ఒక గీత గీస్తే నాలుగు పక్కల మధ్య బిందువులు దొరికాయి. ఇక మిగతా నాలుగు. ‘మ’ కేంద్రంగా 4 సెం.మీ. వ్యాసార్ధంతో ముందంచుకు దిగువన అర్ధవృత్తం గీయండి. ‘మ’ నుంచి రెండు పక్కలా 45 డిగ్రీల గీతలు గీసి, అవి అర్ధవృత్తాన్ని దాటిన చోట్ల నుంచి ముందంచు మీదికి లంబాలు ఎత్తండి. ఆ లంబాలు ‘మ’కు అటూ ఇటూ 2.83 సెం.మీ. దూరంలో తాకుతాయి. ఆ రెండు బిందువులనూ ‘చ’తో కలపండి. ఆ గీతలు కర్ణాలను నాలుగు చోట్ల దాటుతాయి. అవే మనకు కావలసిన నాలుగు బిందువులు.

ఎనిమిది బిందువుల మీదుగా వంపుగీతను మెల్లగా కలపండి. రెండు కొసలూ చేపముక్కులాగా మొనదేలకూడదు. కొసల దగ్గర గీత గుండ్రంగానే తిరగాలి. పక్కల మధ్య బిందువుల దగ్గర వంపుగీత ఆ పక్కను తాకి పోవాలి గాని దాటిపోరాదు. మీరు గీసింది దీర్ఘవృత్తం. కోడిగుడ్డులాగా ఒకవైపు లావు, ఒకవైపు సన్నం కానే కాదు. కంటి నుంచి వృత్తం అంచుకు పోయే కిరణాలన్నీ కలిసి ఒక శంకువు అవుతాయి. మన ఎదుట ఉన్న వృత్తం విషయంలో ఆ శంకువును చిత్రతలం అడ్డంగా కోస్తే వచ్చేది దీర్ఘవృత్తమే.

ఒకే వృత్తానికి రెండు కేంద్రాలా?

ఇక్కడ చాలామందిని తికమకపెట్టే సంగతి ఒకటుంది. కర్ణాలు కలిసిన చోటు క్షితిజ రేఖకు 6.40 సెం.మీ. కింద ఉంది. వంపుగీత పైకొస 5.33, కిందికొస 8 సెం.మీ. దగ్గర ఉన్నాయి. వాటికి సరిగ్గా మధ్య 6.67 సెం.మీ. అంటే దీర్ఘవృత్త కేంద్రం, వృత్త కేంద్రం ఒకటి కావు. వాటి మధ్య 2.7 మిల్లీమీటర్ల తేడా ఉంది.

ఇంకో వింత కూడా చూడండి. వృత్త కేంద్రం గుండా పోయే అడ్డవ్యాసం చిత్రంలో 6.40 సెం.మీ. పొడవుంది. దానికి కాస్త కింద, దీర్ఘవృత్త కేంద్రం గుండా కొలవండి. దాదాపు 6.53 సెం.మీ. వస్తుంది. వ్యాసం కంటే పొడవైన జ్యా లేదని లెక్కల క్లాసులో చదువుకున్నాం గదా! మరి ఈ జ్యా వ్యాసం కంటే పొడవుగా ఎందుకు కనిపించింది?

లెక్కల పాఠం తప్పు కాదు. ఆ జ్యా నిజంగా వ్యాసం కంటే చిన్నదే. కాని అది మనకు దగ్గరగా ఉంది. దగ్గరి వస్తువు పెద్దగా కనబడుతుంది. పక్క కాగితం మీద ఒక వృత్తం గీసి, బయట ఒక బిందువు నుంచి దానికి రెండు స్పర్శరేఖలు గీయండి. స్పర్శ బిందువులు వ్యాసం చివర్లలో పడవు, మీ వైపుకు జరిగి పడతాయి. బావి ముందు నిలబడిన మీ చూపు కూడా వరను అలాగే తాకుతుంది. మన వరకు లెక్క వేస్తే ఆ జ్యా కేంద్రం కంటే 16 సెం.మీ. మీ వైపున ఉంది. కాబట్టి బండి చక్రానికి ఇరుసు గుర్తించేటప్పుడు, గుండ్రటి బల్ల మధ్యలో పూలకుండీ పెట్టేటప్పుడు దీర్ఘవృత్తం మధ్య చూసి పెట్టకండి. చదరం గీసి, కర్ణాలు కలిసిన చోట పెట్టండి.

గ్లాసు అడుగు సంగతి

వర నేలకు 80 సెం.మీ. ఎత్తు లేచి ఉందనుకోండి. కాగితం మీద 4 సెం.మీ. క, గ ల నుంచి 4 సెం.మీ. నిలువు గీతలు లేపి, పైన మరో చదరం కట్టి, అందులో ఇదే పద్ధతిలో ఇంకో దీర్ఘవృత్తం గీయండి. రెంటినీ పోల్చండి. వెడల్పు రెంటికీ 6.53 సెం.మీ.యే. ఎత్తు మాత్రం కింది దానికి 2.67 సెం.మీ., పై దానికి 1.33 సెం.మీ. కంటిమట్టానికి దగ్గరైన కొద్దీ వృత్తం అణిగిపోతుంది. సరిగ్గా కంటిమట్టంలో ఉన్న వృత్తం ఒట్టి సరళరేఖ అవుతుంది. అంతకు పైకి పోతే దాని కింది ముఖం కనిపిస్తుంది.

గ్లాసు బొమ్మలో తప్పు ఇప్పుడు దొరికింది. కంటికి కింద ఉన్న గ్లాసులో మూతి కంటే అడుగే ఎక్కువ వంపు తిరగాలి. అడుగున సరళరేఖ గీస్తే కన్ను అడుగుమట్టంలో ఉందని అర్థం. పైన విప్పారిన మూతి గీస్తే కన్ను మూతికి పైన ఉందని అర్థం. ఒకే బొమ్మలో రెండు చోట్ల నుంచి చూశామన్నమాట! నమ్మకం లేకపోతే గ్లాసును చేత్తో పట్టుకుని, ఒక కన్ను మూసి, మెల్లగా కిందినుంచి పైకి ఎత్తుతూ మూతిని గమనించండి.

వర పక్కగీతలు దింపేటప్పుడు కూడా జాగ్రత్త. అవి వ్యాసం చివర్లను కాదు, దీర్ఘవృత్తాల అతి వెడల్పైన కొసలను కలపాలి.

పెట్టె మూలగా తిరిగి ఉంటే

ఎదురుగా పెట్టిన పెట్టెకు ఒక అదృశ్య బిందువు సరిపోయింది. అదే పెట్టె మూల మనవైపు తిరిగి ఉంటే ఎడమ పక్క గీతలకొకటి, కుడి పక్క గీతలకొకటి, రెండు బిందువులు కావాలి. పెట్టె నేల మీద సమంగా ఉన్నంతవరకు రెండూ క్షితిజ రేఖ మీదనే ఉండాలి. వాటిని దగ్గరదగ్గరగా పెడితే పెట్టె వికారంగా సాగిపోతుంది. ‘ద’ను ‘చ’కు మరీ దగ్గరగా పెట్టినా అంతే. వస్తువు వెడల్పుకు కనీసం రెండింతల దూరం నుంచి చూస్తున్నట్టు గీయడం మంచిది. మనం 8 సెం.మీ. చదరానికి 16 సెం.మీ. దూరం తీసుకున్నది అందుకే.

ఏ బొమ్మ ఏ పనికి?

బావి తవ్వే మేస్త్రీకి మీరు గీసిన ఈ అందమైన వర చూపిస్తే పని జరగదు. స్కేలు పెట్టి కొలిస్తే ఒకే వ్యాసం ఒకచోట ఒక కొలత, ఇంకోచోట ఇంకో కొలత చూపిస్తుంది. అతనికి కావలసింది పైనుంచి చూసిన ప్లాను, పక్కనుంచి చూసిన ఎలివేషను. వాటిలో దూరం వల్ల ఏదీ చిన్నది కాదు. కాని ఇల్లు కట్టించుకునే ఆసామికి ప్లాను చూపిస్తే ఇల్లు ఎలా ఉంటుందో తెలియదు. ఆయనకు పర్‌స్పెక్టివ్ చూపాలి. ఒకటి కట్టడానికి, ఒకటి చూడటానికి.

పర్‌స్పెక్టివ్ లేని బొమ్మ తప్పు బొమ్మ అనుకోవద్దు. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద 16వ శతాబ్దపు చిత్రాలున్నాయి. అక్కడ వీరభద్రుడు మహాకాయుడు, భక్తులు చిన్నవారు. వాళ్లు దూరంగా ఉన్నందువల్ల చిన్నవారు కాలేదు. ఆ చిత్రకారులు గొప్పతనాన్ని బట్టి కొలత ఇచ్చారు. మన పాఠం దూరాన్ని బట్టి కొలత ఇస్తుంది. ఏ లెక్క పాటిస్తున్నామో తెలిసి గీయడం ముఖ్యం. గ్లాసు బొమ్మలో వచ్చిన చిక్కు, తెలియకుండా రెండు లెక్కలు కలపడం వల్ల వచ్చిందే.

మీరు చేసి చూడండి

1. మన నేలనే ఇంకా వెనక్కి పొడిగించండి. ఎన్నో వరుస వెనుకంచు క్షితిజ రేఖకు సరిగ్గా 4 సెం.మీ. కింద వస్తుంది?

2. మీ కంటి ఎత్తుతో సమానమైన గుంజలు నేల మీద వేరువేరు దూరాల్లో పాతారు. వాటి తలలు చిత్రంలో ఎక్కడ ఉంటాయి?

3. వర ఎత్తు 80 బదులు 160 సెం.మీ. అయితే దాని పైఅంచు ఎలా కనిపిస్తుంది?

జవాబులు: 1. ఎనిమిదో వరుస. అక్కడికి కంటి నుంచి దూరం రెండింతలై 32 సెం.మీ. అవుతుంది, కాబట్టి 8 సెం.మీ. సగమైపోతుంది. 2. గుంజలు ఎంత దూరంలో ఉన్నా తలలన్నీ క్షితిజ రేఖ మీదనే ఉంటాయి. 3. సరళరేఖగా. అది కంటిమట్టంలో ఉంది గదా! ముందు గీసి చూసి, ఆ తరువాతే ఈ జవాబులతో సరిపోల్చుకోండి.